బొమ్మ మేకపిల్లను ఎత్తుకోవడం ఎలా?

పోయిన ఏడాది వార్షికోత్సవం నాటి రాత్రి మన డైనింగ్ హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టి మూడు నిమిషాల సినిమా ఒకటి వేశాం. చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఊళ్ళో మేకపిల్లను వదిలేసి హాస్టల్లో చేరిన పిల్లాడు స్టడీ అవర్లో కునికిపాట్లు పడుతుంటే ఆ మేకపిల్ల బొమ్మ రూపంలో వస్తుంది. నోటుబుక్కు అంచు కొరుకుతుంది. ఆ తరువాత ఇద్దరూ గీసిన ఊళ్ళో, గీసిన చెరువు కట్ట మీద తిరుగుతారు. చివర్లో వాడు దాన్ని ఎత్తుకుంటాడు. అప్పటి నుంచి ఎప్పుడు హాస్టల్‌కు వచ్చినా చిన్న తరగతుల తమ్ముళ్ళు మమ్మల్ని అడిగేది ఒకటే: "అన్నా, బొమ్మను చేతుల్తో ఎట్లా ఎత్తుకున్నాడు?" ఒక్కొక్కరికి చెప్పేకంటే సంచికలో రాస్తే పోతుందని ఇది రాస్తున్నాం.

మేము సినిమా కోర్సులు చదివినవాళ్ళం కాదు. ఈ హాస్టల్లోనే ఆరు నుంచి పది దాకా ఉండి, ఇప్పుడు పీజీ చేస్తున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాళ్ళం కూడా మేమే. అందుకని తెలిసినదాన్నే కాదు, చేసిన తప్పుల్ని కూడా దాచకుండా రాస్తున్నాం. తప్పుల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాం మరి.

మనిషినీ బొమ్మనూ ఒకే తెర మీద కలపడం రెండు రకాలు. నిజంగా తీసిన దృశ్యంలోకి బొమ్మను తేవడం ఒకటి. బొమ్మల లోకంలోకి మనిషిని పంపడం రెండోది. మొదటిదానికి ఆకుపచ్చ గుడ్డతో పని లేదు. స్టడీ అవర్ దృశ్యం అలాంటిదే. మేకపిల్లను విడిగా గీసి పైన పొరలాగా వేశాం. చెరువు కట్ట దృశ్యానికి మాత్రం పిల్లాణ్ణి చుట్టూ ఉన్న గోడ, నేల, చెట్ల నుంచి కత్తిరించి తీయాలి. ఒక్క ఫోటో అయితే బ్లేడుతో కత్తిరించి అట్ట మీద అంటిస్తాం. సినిమా అంటే సెకనుకు 24 ఫోటోలు. మూడు నిమిషాలకు 4,320. బ్లేడుతో అయ్యే పని కాదు కనుక, కత్తిరించాల్సిన చోటును రంగుతో గుర్తుపట్టే ఉపాయం కనిపెట్టారు. మన సినిమావాళ్ళు గ్రీన్ మ్యాట్ అనేది దాన్నే.

ఈ ఉపాయం పుట్టింది ఆకుపచ్చతో కాదు, నీలంతో. 1940లో వచ్చిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' సినిమాకు లారీ బట్లర్ అనే నిపుణుడు నటుల్ని నీలి తెర ముందు నిలబెట్టి తీసి, ఆ నీలాన్ని ఆధారం చేసుకుని వాళ్ళను విడదీశాడు. సీసాలోంచి భూతం లేచే సినిమా అది. ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అందులో దొంగ పిల్లాడిగా వేసింది సాబూ. మైసూరు ప్రాంతంలో పుట్టిన ఒక మావటివాడి కొడుకు. ఈ సంగతి తెలిసిన రోజు మేము చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

'మేరీ పాపిన్స్' (1964)లో వాడిన పద్ధతి ఇంకా చిత్రమైనది. అందులో నటులు బొమ్మ పెంగ్విన్లతో డాన్సు చేస్తారు. వాళ్ళ వెనుక తెర మీద సోడియం దీపాల వెలుగు వేశారు. హైవేల మీద ఒకప్పుడు పసుపుపచ్చగా వెలిగిన వీధిదీపాలు తెలుసు కదా, ఆ జాతివే. కెమెరా లోపల పెట్టిన ప్రత్యేకమైన పట్టకం ఆ ఒక్క పసుపు కాంతిని మాత్రం విడదీసి రెండో ఫిలిం మీదకు పంపుతుంది. దాంతో మనిషి ఆకారం నలుపు తెలుపుల్లో దానంతటదే తయారయ్యేది. హీరోయిన్ టోపీకి ఉన్న సన్నని వల గుండా కూడా వెనుక బొమ్మ కనిపించేంత శుభ్రంగా వచ్చింది.

ఇక డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆకుపచ్చ గెలిచింది. మన ఫోన్ కెమెరాల్లో సాధారణంగా ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. అంటే కెమెరా అన్నిటికంటే శుభ్రంగా చూసే రంగు ఆకుపచ్చ. పైగా దానికి తక్కువ వెలుగు చాలు.

కంప్యూటర్ దాన్ని ఎలా తీసేస్తుందన్నది ఏడో తరగతి లెక్కే. తెర మీది ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. ఉదాహరణకు మా గుడ్డ మీది చుక్క 60, 170, 70 అనుకోండి. ఆకుపచ్చలోంచి మిగతా రెంటిలో పెద్దదాన్ని తీసేయండి. 170లోంచి 70 పోతే 100. ఇప్పుడు మన పిల్లాడి బుగ్గ మీది చుక్క: 105, 70, 50. 70లోంచి 105 తీస్తే మైనస్ 35. తెల్ల చొక్కా: 225, 225, 220. సున్నా. సున్నా, అంతకంటే తక్కువ వస్తే ఉంచు, 100 వస్తే తీసెయ్యి. వెంట్రుకల కొసల్లో సగం జుట్టు, సగం గుడ్డ కలిసి 43, 95, 44 లాగా ఉంటుంది. లెక్క 51 వస్తుంది. అప్పుడు ఆ చుక్కను సుమారు సగం తీసేసి, ఆ సగంలో వెనుక బొమ్మ కనబడనిస్తుంది. జుట్టు గడ్డిలాగా కాక జుట్టులాగా కనిపించేది ఈ సగాల వల్లే. రంగుల తేడాను ఇలా లెక్కగట్టే పద్ధతిని 1950ల చివర్లో పెట్రో వ్లాహోస్ అనే ఇంజనీరు ఫిలిం కోసం తయారుచేశాడు. ఇప్పుడు ఉచితంగా దొరికే బ్లెండర్, డావిన్సి రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్లలోని కీయింగ్ పనిముట్లకు కూడా మూలం అదే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. గుడ్డ కొనక ముందు మేము జిల్లా కేంద్రంలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే ఒకచోటికి సలహా కోసం వెళ్ళాం. సినిమాలో వేయబోయే ఏడో తరగతి తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్ళాం. అక్కడాయన వాణ్ణి చూసి, "ఇంత నల్లగా ఉంటే మ్యాట్ సరిగ్గా కట్ కాదు, కాస్త తెల్లగా ఉండే పిల్లాణ్ణి చూసుకోండి, లేకపోతే పౌడరు బాగా కొట్టండి" అన్నాడు. మేము ఏమీ అనలేదు. అప్పటికి మాకూ తెలియదు కదా. మొదటి షూటింగ్ రోజు ఉదయం తమ్ముడు పౌడరు డబ్బా సగం ఖాళీ చేసి, మెడ దాకా తెల్లగా పూసుకుని వచ్చి గుడ్డ ముందు నిలబడ్డాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. విని గుర్తుపెట్టుకున్నాడు. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి మొహం కడిగించి, ఆ రోజుకు షూటింగ్ ఆపేశాం.

ఆ వారమంతా మేము చేసింది ఈ లెక్కే. పైన రాసిన లెక్క మళ్ళీ ఒకసారి చూడండి. తెల్లటి మొహం మీది చుక్క 210, 160, 135 అనుకుందాం. 160లోంచి 210 పోతే మైనస్ 50. మన తమ్ముడిది మైనస్ 35. రెండూ సున్నాకు కిందే. రెండిటినీ సాఫ్ట్‌వేర్ ఉంచేస్తుంది. మనిషి చర్మం ఏ ఛాయదైనా మామూలు వెలుగులో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ తక్కువ. నలుపుకు మ్యాట్ కట్ కాదన్న మాట లెక్కలో ఎక్కడా లేదు.

మరి ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమా అంటే, అదీ కాదు. ఆయన ఏదో చూసే అన్నాడు. అదేమిటో కనుక్కోవడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. చర్మం వెలుగును రెండు రకాలుగా తిప్పి పంపుతుంది. లోపలికి వెళ్ళి చర్మం రంగు పులుముకుని వచ్చేది ఒకటి. నూనె, చెమట ఉన్న పైపొర మీద అద్దంలాగా తగిలి వచ్చేది ఇంకొకటి. నల్లటి చర్మంలో మొదటిది తక్కువ. కాబట్టి రెండోది, అంటే మెరుపు, ఎక్కువగా కనబడుతుంది. ఆ మెరుపుకు తన రంగంటూ ఉండదు, ఎదుట ఏముంటే దాని రంగు. వెనుక ఆకుపచ్చ గుడ్డ ఉంటే చెంపల అంచులు, చెవులు, నూనె రాసిన జుట్టు ఆకుపచ్చగా మెరుస్తాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ తికమకపడి చెవి కొస తినేస్తుంది. రెండో సంగతి, వెలుగు చాలనప్పుడు మొహంలో నీడ ఉన్న భాగాల్లో అంకెలు బాగా చిన్నవైపోయి, కెమెరా గరగరలో తేడాలు కలిసిపోతాయి. ఈ రెండూ వెలుగు పెట్టడంలో లోపాలు, మొహంలో కావు. ఫోటోల చరిత్రలోనూ ఇదే జరిగిందని తరువాత చదివాం. కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపే రంగుల నమూనా కార్డు మీద ఏళ్ళ తరబడి తెల్లజాతి స్త్రీ ఫోటోయే ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే రంగులు బాగా వచ్చినట్టు లెక్క.

అందుకని మేము మూడు మార్పులు చేశాం. మొదటిది, తమ్ముణ్ణి గుడ్డకు ఎనిమిది అడుగుల ముందుకు తెచ్చాం. గుడ్డకు వేరే వెలుగు, వాడికి వేరే వెలుగు. గుడ్డ మీది వెలుగు ఎంత తగ్గిస్తే అంత మంచిదైంది. అందరూ గుడ్డ తళతళలాడాలనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. రెండోది, మెరుపును చంపడం మానేసి దాని రంగు మార్చాం. మా మిత్రుడి తాతగారి తెల్ల పంచెలు రెండు తెచ్చి, తమ్ముడికి అటూ ఇటూ కర్రలకు కట్టి, వాటి వెనుక నుంచి ఎల్‌ఈడీ బల్బుల వెలుగు పంపాం. ఇప్పుడు చెంప ఎదుట ఉన్నది తెల్ల పంచె. మెరుపు తెల్లగా వచ్చింది. ముక్కు, దవడ, నుదురు చెక్కినట్టు కనిపించాయి. కింద నుంచి ఒక థర్మాకోల్ షీటు పట్టుకున్నాం. మూడోది, ఆ రోజు తలకు కొబ్బరి నూనె వద్దన్నాం. దీనికి మాత్రం వంటావిడ ఒప్పుకోలేదు. "తలకు నూనె లేకుండా పిల్లాణ్ణి ఫోటో తీస్తారా, తల్లి చూస్తే ఏమనుకుంటుంది" అని మమ్మల్నే తిట్టింది.

గుడ్డ గురించి రెండు మాటలు. శాటిన్ కొనకండి, మెరుస్తుంది. మామూలు నూలు పాప్లిన్ చాలు. పన్నా చిన్నది కనుక మూడు ముక్కలు కలిపి టైలర్‌తో కుట్టించాం. కుట్టు దగ్గర సన్నని నీడ పడుతుంది, దాన్ని మనిషి వెనక్కి రానివ్వకుండా చూసుకుంటే సరి. ముడతలు మాత్రం పనికిరావు. ఇస్త్రీ చేసి, బట్టల క్లిప్పులతో నాలుగు పక్కలా లాగి కట్టాలి.

ఫోన్లో తీసేవాళ్ళు ముందు బ్యూటీ మోడ్ తీసేయండి. మా ఫోన్లో అది దానంతటదే ఆన్ అయి ఉంది. మేము పౌడరు కడిగించిన మొహానికి అది మళ్ళీ తెలుపు పూసింది, పైగా అంచుల్ని నున్నగా చేసి మ్యాట్‌ను పాడుచేసింది. వెలుగు, రంగుల సర్దుబాటును లాక్ చేయాలి, లేకపోతే మనిషి కదిలినప్పుడల్లా గుడ్డ రంగు మారుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి షట్టర్‌ను 50వ వంతు దగ్గర పెడితే లైట్లు మినుకుమినుకుమనవు. ఇంకో చిన్న కిటుకు. ఫోన్లు వీడియో దాచేటప్పుడు వెలుగును ప్రతి చుక్కకూ, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకసారీ రాసుకుంటాయి. రంగును బట్టి కత్తిరించేవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ, అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. అందుకని ఫోర్‌కేలో తీసి, తరువాత సగానికి కుదిస్తే నాలుగు చుక్కలు ఒకటవుతాయి. రంగు ప్రతి చుక్కకూ దక్కుతుంది.

ఇప్పుడు ఫోన్ యాప్‌లు గుడ్డ లేకుండానే మనిషిని కత్తిరిస్తున్నాయి కదా అని కొందరు అడిగారు. నిజమే, మేమూ వాడి చూశాం. కూర్చుని మాట్లాడే మనిషికి బాగుంది. పరిగెత్తే పిల్లాడి వేళ్ళ దగ్గర మాత్రం ఒక ఫ్రేములో వేలు ఉంటుంది, ఇంకో ఫ్రేములో ఉండదు. పైగా మా దృశ్యంలో కత్తిరించాల్సింది పిల్లాడి వెనుక ఉన్నది ఒక్కటే కాదు, వాడి చేతుల్లో ఉన్నది కూడా.

తమ్ముళ్ళు అడిగిన ప్రశ్న ఇదే కనుక అక్కడికే వస్తాం. గాలిని ఎత్తుకోమంటే ఎవరూ సరిగ్గా ఎత్తుకోలేరు. చేతుల మధ్య దూరం మారిపోతుంది, బరువు ఉండదు. 'హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్' (1988) తీసినప్పుడు కుందేలుకు గొంతునిచ్చిన చార్లెస్ ఫ్లైషర్ కుందేలు వేషం వేసుకుని కెమెరాకు కనబడకుండా పక్కన నిలబడి డైలాగులు చెప్పేవాడట, ఎదుటి నటుడికి నమ్మకం కలగడానికి. మన 'ఈగ' (2012)లో సుదీప్ నటన చూడండి. అంతసేపూ ఆయన ఎదుట ఈగ లేదు. ఈగ ఉందని మనం నమ్మింది ఆయన కళ్ళు, మెడ తిరిగిన తీరు చూసి. అంత నటన ఏడో తరగతి పిల్లాడి దగ్గర ఆశించలేం. అందుకని ఒక దిండులో రెండు కిలోల బియ్యం మూట పెట్టి, మిగిలిన ఆకుపచ్చ గుడ్డ చుట్టి కుట్టేశాం. అదే మేకపిల్ల. వాడు దాన్ని ఎత్తుకున్నప్పుడు నడుము వంగింది, మోచేతులు బిగిశాయి. సాఫ్ట్‌వేర్ గుడ్డతో పాటు దిండునూ తీసేసింది. పిల్లాడి ఛాతీ మీద దిండు ఆకారంలో రంధ్రం మిగిలింది. మేకను ఆ రంధ్రంలోంచి, పిల్లాడి వెనుక పొరలో పెట్టాం. చేతులు వాటంతటవే మేక ముందుకు వచ్చాయి. మూతి, చెవులు మాత్రం ఇంకో పొరలో ముందుకు వేశాం. అంతే తమ్ముళ్ళూ, రహస్యం బియ్యం దిండు.

ఆకుపచ్చ గుడ్డకు ఒక గుడ్డితనం ఉంది. తనకు, ఆకుకు తేడా తెలియదు. తమ్ముడు మేకకు ఆకులు తినిపించే దృశ్యం రాసుకున్నాం. తీసి చూస్తే చేతిలో ఆకు లేదు, ఖాళీ వేళ్ళున్నాయి. మేము నీలం గుడ్డ కొనడం గురించి చర్చించుకుంటుంటే వాడే అన్నాడు, "అన్నా, తుమ్మకాయలు పెడదాం. మేక ఆకులకంటే వాటికే ఎగబడుతుంది." ఎండు తుమ్మకాయ బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. చక్కగా నిలబడింది. పీజీ చదువుతున్న మాకు తట్టలేదు.

మేకను గీసింది తొమ్మిదో తరగతి తమ్ముడు. తెర మీద మేక ఉన్నది 40 సెకన్లు. సెకనుకు 12 బొమ్మల చొప్పున 480. స్టూళ్ళ మీద అద్దం పెట్టి, కింద బల్బు పెట్టి, ఒక కాగితం మీద ఇంకొకటి వేసి గీశాడు. వాటిని ఫోటోలు తీసి క్రిటాలో రంగులు నింపాం. సెలవుల్లో ఇంటికి కూడా కాగితాలు తీసుకెళ్ళాడు.

అన్నీ అయ్యాక కలిపి చూస్తే మేక నేల మీద లేదు, గాల్లో తేలుతోంది. నీడ మరిచిపోయాం. 1945లో వచ్చిన 'యాంకర్స్ అవే'లో జీన్ కెల్లీ జెర్రీ ఎలుకతో డాన్సు చేస్తాడు. నున్నటి నేల మీద కెల్లీ ప్రతిబింబంతో పాటు జెర్రీదీ కనిపిస్తుంది, అది కూడా గీశారు. రోజర్ ర్యాబిట్‌లోనైతే వెయ్యికి పైగా షాట్లలో ప్రతి బొమ్మకూ నీడ, వెలుగు పొరలు విడివిడిగా తయారుచేసి ఫిలిం మీద కలిపారు, కంప్యూటర్ కంపోజిటింగ్ రాకముందు. మేము గిట్టల కింద చిన్న నల్లటి నీడ, దాని చుట్టూ పెద్ద పలచటి నీడ వేశాం. మొదట కుడివైపు వేశాం. స్టడీ హాల్లో వెలుగు వచ్చేది కుడివైపు కిటికీలోంచే. అన్నీ తీసి ఎడమవైపు మళ్ళీ వేశాం. ఇంకొకటి, మా మేక నల్లది, సున్నా అంకెల నలుపు. హాల్లో అంతటి నలుపు ఎక్కడా లేదు, చీకటి మూల కూడా 20కి తగ్గలేదు. దాంతో మేక తెరకు పడ్డ చిల్లులాగా కనిపించింది. మేక నలుపును 20కి పెంచి, కొంచెం గరగర కలిపాక గదిలో ఇమిడింది.

సినిమా వేసిన రాత్రి తమ్ముడి అమ్మ కూడా వచ్చింది. కూలి పని నుంచి నేరుగా బస్సెక్కి వచ్చి వెనుక వరసలో కూర్చుంది. అయిపోయాక దగ్గరికొచ్చి, "మావాడు బాగున్నాడు. మేక మాదే కానీ, చివర్లో దాని తెల్ల మచ్చ చెవి మారింది" అంది. మళ్ళీ వేసి చూశాం. నిజమే. చివరి షాట్లో మేక ఇటు తిరగాలని కొత్తగా గీయకుండా, ఉన్న బొమ్మల్నే అద్దంలోలాగా తిప్పేశాం. ఎడమ చెవి మచ్చ కుడి చెవికి వెళ్ళింది. 480 బొమ్మలూ చూసి చూసి మేము గమనించలేదు. తొమ్మిదో తరగతి తమ్ముడు ఆ 30 బొమ్మలూ మళ్ళీ గీశాడు. ఈసారి వార్షికోత్సవంలో వేసేది ఆ సరిచేసిన కాపీ.

గుడ్డ, పంచెలు, దిండు స్టోర్ రూములో పాత ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తాళం వాచ్‌మన్ అన్న దగ్గర. దిండులో బియ్యం తీసి వంటావిడకు తిరిగి ఇచ్చేశాం కాబట్టి వాడేవాళ్ళు మళ్ళీ అడిగి తీసుకోవాలి.